పక్క ఛానల్లో టిక్కు

మంగళవారం, 4వ తేదీ
బడిలో, వెనక బెంచీ మీద

అక్కా,

కాలు ఊపింది నిజమే. కానీ ఆ టిక్కుకీ నా కాలికీ ఏ సంబంధమూ లేదు. "నువ్వు కాసేపు కుదురుగా కూర్చుని చూడు, ఆ టిక్కు దానంతటదే పోతుంది" అని నిన్న ఫోన్లో ఎంత తేలిగ్గా అనేశావు! ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే. ఎదురు మేడ మీద మీవాళ్ళు పెట్టిన నీ రేడియో పెట్టె చప్పుడు చేస్తే నా మోకాలు పూచీ పడాలా?

ఆ మీదట ఇంకో మాట కూడా అన్నావు. "ఫోన్లో మనిద్దరం ఒకేసారి అరుస్తాం, నాకు ఒక్క ముక్కా అర్థం కాదు, ఇకనుంచి ఏదున్నా రాసి పంపు" అని పెట్టేశావు. సరే, రాస్తున్నాను. సాయంత్రం ఇక్కడి రికార్డింగులు మీ ల్యాబ్‌కి తీసుకెళ్ళే వ్యాన్ బాబాయి చేతికే ఇస్తాను. నా రాత చూసి నవ్వితే మాత్రం తర్వాతది రాయను.

అసలు నువ్వు నాకు చేసిన అన్యాయం ఒకసారి చూసుకో. బడి అంటే పడక గోడ దూకి పారిపోయినవాణ్ణి నేను. ఎన్ని పనులు మారాను! టైర్ల కొట్టు, గాజు పలకలు కోసే చోటు, సామాను మోసే బండి. ఎక్కడా బెంచీ లేదు, హాయి. అలాంటివాణ్ణి మీ ల్యాబ్ ఉద్యోగం అని చెప్పి తీసుకొచ్చి మళ్ళీ బడిలోనే కట్టేశావు. అదీ చిన్న పిల్లల బెంచీ. మోకాళ్ళు గెడ్డానికి తగులుతున్నాయి.

పిల్లలు మాత్రం మంచివాళ్ళు. చెవి సరిగా వినపడనివాళ్ళు కదా, టీచరమ్మ మెడలో చిన్న మైకు వేసుకుంటుంది. ఆవిడ గుసగుసగా అన్నా అది రేడియోలో వచ్చి పిల్లల చెవి మిషన్లలో పడుతుంది. నా చెవిలో పెట్టిందీ అలాంటిదే. ఆవిడ గొంతు కాక ఇంకేం వినపడినా టైము రాసి పెట్టడం నా పని. పని కష్టం కాదు. కూర్చోవడమే కష్టం.

ఇప్పుడు నువ్వు నమ్మని ఆ టిక్కు సంగతి. పలక మీద గోరుతో ఠక్కున కొట్టినట్టు ఉంటుంది. అది వచ్చినప్పుడు క్లాసులో అందరి కళ్ళూ ఒక్కసారే మూసుకుంటాయి. నా కాలు ఊగితే నా చెవిలో చప్పుడు రావాలి గానీ ఆ పిల్లలందరి చెవుల్లోకీ ఎలా వెళ్తుందో నువ్వే చెప్పు, చదువుకున్నదానివి.

కిటికీ పక్కన ఒక పిల్ల ఉంది. దానికి నేను మిరియాలు అని పేరు పెట్టాను, చిన్నదే గానీ ఘాటు. నిన్న ఒక టిక్కుకి అది తన చెవి మిషను పీకేసి, పెన్సిల్ డబ్బాలో పెట్టి, మూత వేసేసింది. టీచరమ్మ ఆ మూత వంకే చూస్తూ ఉండిపోయింది. దాన్ని ఆ మిషను పెట్టుకునేలా చేయడానికి ఎన్ని నెలలు పట్టిందో తర్వాత చెప్పింది. పోయిన వారమే మొదటిసారి "నీళ్ళు" అని అడిగిందట.

చూసుకో మరి.

మోకాలు కదపని
తమ్ముడు


బుధవారం, 5వ తేదీ
ల్యాబ్

ఒరేయ్ బొంగరం,

నవ్వలేదు. నీ రాత అప్పటికంటే బాగుంది. అమ్మకి కూడా చూపించాను, "వీడేనా రాసింది" అని రెండుసార్లు అడిగింది.

ఉత్తరంతో పాటు ఒక సంచి పంపుతున్నాను. అందులో గుండీ కుట్టిన నీ నీలం చొక్కా, చెవికి మెత్తగా ఉండే తొడుగు, గుడ్డ టేపు చుట్ట ఉన్నాయి. చెవి తీగని ఆ టేపుతో బెంచీకి అతికించు. నిన్ను అనుమానించి కాదురా. ఒక్కొక్క అనుమానాన్నీ కొట్టేసుకుంటూ పోవాలి, పని అంటే అంతే. పిల్లలందరూ కళ్ళు మూయడం గురించి అడిగావు. నువ్వు ఉలిక్కిపడితే నిన్ను చూసి పడుతున్నారేమో అని మా ల్యాబ్ పెద్దసారు అంటున్నారు. వాడు కూర్చున్నది వెనక కదండీ, పిల్లల వీపుకి కళ్ళుంటాయా అని అడిగాను. నవ్వేసి ఊరుకున్నారు. పైవాళ్ళ నవ్వుకి జవాబు ఉండదు.

నీకు ఇక్కడి సంగతి ఎప్పుడూ సరిగా చెప్పలేదు. విను. టీచరమ్మ మైకు నడిచే ఆ ఛానల్ బడి సొంతం. దాని పక్కనున్న ఖాళీలో మనం ఇరుక్కుని కూర్చుంటున్నాం, అద్దెకి కూడా కాదు, దయకి. ఎదురు మేడ మీద పెట్టిన మా పెట్టె పేటలోని నీళ్ళ మీటర్ల లెక్కలు పట్టుకుని ల్యాబ్‌కి పంపుతుంది. అది ఒక్క గొంతుతో మాట్లాడదు. వందల చిన్న చిన్న అలలు పక్కపక్కన నడుస్తాయి, ఒక్కొక్కటీ ఒక ముక్క మోస్తుంది. మామూలుగా ఒకటి లేస్తే ఒకటి పడుతుంది, మొత్తం సమంగా ఉంటుంది. ఎప్పుడైనా అన్నీ ఒకే క్షణాన లేచాయనుకో, పెద్ద శిఖరం అవుతుంది. బలం పెంచే ఆంప్లిఫయర్ అంత ఎత్తు మోయలేదు. పైభాగం కోసేస్తుంది. ఆ కోసిన ముక్కలు ఊరికే పోవు, వెళ్ళి పక్క ఛానల్లో పడతాయి. పక్క ఛానల్ ఎవరిది? మీ పిల్లలది. అందుకే ఆ శిఖరాలు లేవకుండా చూడటమే నా పని. నాలుగేళ్ళుగా అదే.

నీకు కోపం రావొచ్చు గానీ చెప్పాలి. నువ్వు రాసిన టైములన్నీ మా పెట్టె చిట్టాతో పోల్చి చూశాను. ఆ టైముల్లో పెట్టె ఏ లెక్కా పంపలేదు. నోరు మూసుకుని ఉంది. నోరు మూసుకున్నవాడి మీద కేకలేశాడని నేరం ఎలా మోపుతాంరా?

ఇరవయ్యో తేదీన రేడియో ఛానళ్ళకి అనుమతులిచ్చే స్పెక్ట్రమ్ ఆఫీసు వాళ్ళు వస్తారు, ఆ క్లాసులోనే కూర్చుని వింటారు. ఒక్క టిక్కు వినపడినా మా అనుమతి పోతుంది. పోవాలి కూడా.

మిరియాలు మిషను పెట్టుకుందా? అది మాత్రం తప్పకుండా రాయి.

అన్నం టైముకి తిను.

అక్క


గురువారం, 6వ తేదీ

అక్కా,

టేపు వేశాను. తీగకే కాదు, నాకు కూడా వేసుకున్నాను, రెండు కాళ్ళూ బెంచీకి కట్టేసుకున్నాను. టీచరమ్మ చూసి "ఏంటి బాబూ, నిన్నెవరైనా ఎత్తుకుపోతారని భయమా?" అంది. మా అక్క ఆజ్ఞ అండి అన్నాను. "మీ అక్కకి నా నమస్కారాలు చెప్పు, ఇంకో చుట్ట పంపమను, ఇక్కడ ఇద్దరు ముగ్గురికి అవసరం" అంది.

టిక్కు వచ్చింది. వస్తూనే ఉంది. పొద్దున్న పూట తక్కువ. మధ్యాహ్నం నుంచి ఎక్కువ. నీ చిట్టా ఏమన్నా అననీ. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఎప్పుడూ నా మీదే పడుతుంది. ఒకసారి నువ్వే వచ్చి వినొచ్చు కదా అనుకున్నాను గానీ, నీకు పని ఉంటుంది.

అలల కథ రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది కొంతే. అన్నీ ఒకేసారి లేస్తే కష్టం అన్నావు. ఒకదాన్ని కాస్త ఆగి లెమ్మని చెప్పలేవా? బండిలో సామాను ఎత్తేటప్పుడు మేం అలాగే చేసేవాళ్ళం, అందరూ ఒకవైపే ఎక్కితే బండి వాలిపోతుంది.

ఇక్కడ ఇంకో తమాషా. టీచరమ్మ లెక్క అడిగితే పిల్లలు తలో జవాబూ చెప్తారు. ఒకడు ఆరంటాడు, ఒకతె తొమ్మిదంటుంది, ఒకడు గోడ మీది బల్లిని చూపిస్తాడు. సంతలో నిలబడ్డట్టు ఉంటుంది గానీ నా చెవికి నొప్పి ఉండదు. ఎవరికీ జవాబు రాలేదనుకో, అప్పుడు అందరూ కలిసి ఒక్క గొంతుతో "తెలీదండీ!" అంటారు. ఆవిడ మైకులోంచి అది నా చెవిలో పిడుగులా పడుతుంది. ఏమీ చెప్పడానికి లేనప్పుడే ఎంత గట్టిగా చెప్తారో! నేనూ చిన్నప్పుడు అంతే అనుకో.

మిరియాలు పెట్టుకోలేదు. విరామంలో నా దగ్గరికి వచ్చి పెన్సిల్ డబ్బా తెరిచి, మిషను చూపించి, మళ్ళీ మూసేసింది. ఆ తర్వాత నా చెవి వైపు వేలు చూపించి, మొహం చిట్లించి, "నీకూనా?" అన్నట్టు చూసింది. అవునని తలూపాను. నా చెయ్యి మీద రెండుసార్లు తట్టి వెళ్ళిపోయింది. ముసలమ్మలా.

చొక్కా సరిపోయింది. గుండీకి వేరే రంగు దారం వాడావు.

బెంచీకి అతుక్కున్న
బొంగరం


శుక్రవారం, 7వ తేదీ

బొంగరం,

రెండు ముక్కలే, వ్యాన్ బయలుదేరుతోంది. ల్యాబ్‌లో నీ టైముల మీద పెద్ద గొడవ అయింది. సోమవారం నుంచి ఆ బెంచీ మీద ఇంకొకళ్ళు కూర్చునేలా ఏర్పాటు చేస్తున్నాను. నువ్వు దిగులు పడకు. మిగతాది తర్వాత రాస్తాను.

అక్క


శనివారం, 8వ తేదీ
సైకిల్ కొట్టు పైన, నా గది

అక్కా,

దిగులు పడకు అన్నావు. పడలేదు. తెల్లారిలేస్తే ఎవరో ఒకరు నన్ను "రేపటినుంచి రావద్దు" అంటూనే ఉంటారు, నాకు అలవాటే. నువ్వు అంటావనుకోలేదు, అంతే.

వ్యాన్ బాబాయి కూడా చెప్పాడు. "మీ అక్క, పెద్దసారు తలుపులేసుకుని అరుచుకున్నారు, మధ్యలో నీ పేరు వినపడింది, నాయనా" అని. ఆయన అబద్ధమాడడు. ఆడటానికి ఓపిక లేదు ఆయనకి.

నీ మీద కోపం లేదు. ఉంది. ఈ గదిలో నాలుగు అడుగులు వేస్తే గోడ తగులుతుంది, పొద్దున్నుంచి తిరుగుతూనే ఉన్నాను. కింద కొట్టాయన పైకి చూసి "తమ్ముడూ, మా కప్పు అరిగిపోతుంది" అని కేకేశాడు కూడా.

నేను ఎందుకు ఒప్పుకున్నానో తెలుసా ఈ పని? జీతం కోసం కాదు. "నీ చెవులు మంచివిరా, దూరంనుంచి బండి చప్పుడు విని ఎవరిదో చెప్పేస్తావు" అన్నావు. మన ఇంట్లో నాలో ఏదైనా మంచిదని ఎవరైనా అన్నది అదే. ఇప్పుడు ఆ చెవులే తప్పన్నావు. ఇంకేం మిగిలింది?

లారీ మీద పని ఉంది, దూరం తిరిగేది. సోమవారం పొద్దున్నే బయలుదేరుతుంది. ఎక్కుతాను. ఆ బెంచీ మీదికి ఎవరొస్తారో వాళ్ళకి చెప్పు, ఎడమ కాలు విరిగి ఉంది, మూలకి జరిగి కూర్చోవాలి.

నన్ను నమ్మొద్దులే. మిరియాల్ని నమ్ము. అది నాలా కాళ్ళు ఊపదు. రాయిలా కూర్చునే పిల్ల. అలాంటిది చెవిలోంచి పీకేసిందంటే ఊరికే పీకదు. నిన్న టీచరమ్మ బోర్డు వైపు తిరిగి ఏదో చెప్తోంది, అందరూ తలెత్తి చూశారు, అది మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పిలిచినా తెలియలేదు. పక్కపిల్ల గిల్లితే తిరిగింది. నాకు అక్కడ ఉండబుద్ధి కాలేదు.

చొక్కా వ్యాన్ బాబాయికి ఇచ్చి పంపుతున్నాను. ఉతికే ఇచ్చాను.

తమ్ముడు


ఆదివారం, 9వ తేదీ
ఇంట్లో

ఒరేయ్ మూర్ఖుడా,

లారీ ఎక్కకు. ముందు అది. వ్యాన్ బాబాయిని సెలవు పూట బతిమాలి ఇది పంపిస్తున్నాను. ఆయన నీ చేతికిచ్చి, చదివేదాకా అక్కడే కూర్చుంటానని మాట ఇచ్చాడు. ఆయనకి మంచినీళ్ళివ్వు.

నిన్ను తీసేస్తున్నామని ఎవరన్నారురా? నేను రాసింది మళ్ళీ చదువు. సరే, చదవకు, తప్పు నాదే, వ్యాన్ హారన్ కొడుతుంటే రాశాను. ఇంకొకళ్ళు కూర్చునేది నీ బదులు కాదు, నీ పక్కన. తలుపులేసుకుని అరిచింది కూడా అందుకే. "వాడొక్కడే విన్నానంటే ఎలా" అన్నారు పెద్దసారు. అయితే ఇంకో జత చెవుల్ని పంపండి, ఇద్దరూ ఒకే టైము రాస్తే అప్పుడు ఏమంటారో చూస్తాను అన్నాను. మనుషులు లేరన్నారు. అందుకని నేనే వస్తున్నాను. రేపు పొద్దున్న నీ పక్కన, విరిగిన కాలు వైపు నేనే కూర్చుంటాను.

ఇంకా విను. నీ గురువారం ఉత్తరం నిన్న రాత్రి అమ్మకి చదివి వినిపిస్తున్నాను. ఆ "తెలీదండీ" దగ్గర అమ్మ పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాను. అమ్మ భయపడింది, ఏమైందే అని.

మా పెట్టెకి పంపడానికి లెక్కలు లేనప్పుడు అది నోరు మూసుకోదురా. లైను తెగిపోకుండా ఖాళీ ఉత్తరాలు పంపుతూ ఉంటుంది. కవరు ఉంటుంది, లోపల కాగితం ఉండదు. వాటిని చిట్టాలో రాయదు, ఎందుకంటే అందులో ఏమీ లేదు కదా! ఆ ఖాళీ ఉత్తరంలో అన్నీ సున్నాలే. ప్రతి అలకీ ఒకే సున్నా. అన్ని అలలూ ఒకేలా బయలుదేరితే అన్నీ ఒకేసారి లేస్తాయి. మీ క్లాసులో ఎవరికీ జవాబు రానప్పుడు లేచినట్టు. పొద్దున్న అందరూ నీళ్ళు వాడుకుంటారు, మీటర్లు తెగ మాట్లాడతాయి, టిక్కు తక్కువ. మధ్యాహ్నం పేట నిద్రపోతుంది, టిక్కు ఎక్కువ.

ల్యాబ్‌లో మేం ఎప్పుడూ పెట్టె నిండా కిక్కిరిసేలా సమాచారం పోసి పరీక్షించాం. ఖాళీగా వదిలి ఎవ్వరం వినలేదు. ఏమీ చెప్పనివాడి వల్ల ఎవరికేం నష్టం అనుకున్నాం. ఇంతమందిమి అనుకున్నాం.

నీ చెవులు తప్పని నేనెప్పుడూ అనుకోలేదు. నీ మోకాలు తప్పనుకున్నాను. అదీ తప్పే. నీ మోకాలికి క్షమాపణ చెప్పానని చెప్పు.

చొక్కా తిరిగి వచ్చింది. గుండీ తీసేసి నీలం దారంతో కుట్టాను. రేపు తెస్తున్నాను. వేసుకోకపోతే ఆ బెంచీకే నిన్ను టేపుతో కట్టేస్తాను.

అక్క


మంగళవారం, 11వ తేదీ
బడిలో

అక్కా,

నిన్న నువ్వు వెళ్ళిన దగ్గర్నుంచీ పిల్లలు నిన్ను అనుకరిస్తున్నారు. చెవి మీద చెయ్యి వేసుకుని, నోరు తెరిచి, బెంచీ మీంచి ఎగిరి పడటం. పైగా నువ్వు పిలిచింది పట్టుకుని నన్నూ "బొంగరం" అనే పిలుస్తున్నారు. నువ్వు అంత ఎత్తు ఎగురుతావని నాకే తెలియదు. కాళ్ళు ఊపిన నేనే నయం.

నాకు ఒక సంగతి తెలిసింది. ఆ టిక్కు విన్నాక నువ్వు నా వైపు చూడలేదు. మిరియాల వైపు చూశావు. చూసి తల దించుకున్నావు. నేను గెలిచానని గంతులేద్దామనుకున్నానా, వెయ్యబుద్ధి కాలేదు.

నువ్వు మధ్యలో లేచి వెళ్ళి మేడ మీద పెట్టె ఆపేశావని టీచరమ్మ కిటికీలోంచి చూసి చెప్పింది. "మీ అక్క మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతోంది బాబూ, మీ ఇంట్లో ఎవరూ నడవరా?" అంది.

ఇప్పుడు చెవిలో ఆవిడ గొంతొక్కటే. నాకు రాసుకోవడానికి ఏమీ లేదు. ఊరికే కూర్చుని జీతం తీసుకోవడం బాగోదని పిల్లల చెవి మిషన్ల బ్యాటరీలు మారుస్తున్నాను. విరిగిన బెంచీ కాలు కూడా కట్టాను.

మిరియాలు ఇంకా పెట్టుకోలేదు. టిక్కు పోయిందని దానికెలా తెలుస్తుంది? పెట్టుకుంటే గానీ తెలియదు. తెలిస్తే గానీ పెట్టుకోదు.

నీ సంగతి రాయి. పెట్టె ఆపినందుకు పెద్దసారు ఏమన్నారు?

నీలం చొక్కాలో ఉన్న
బొంగరం


శుక్రవారం, 14వ తేదీ
ల్యాబ్

బొంగరం,

అడిగావు కాబట్టి చెప్తున్నాను, అమ్మకి రాయకు. పెద్దసారు ముందు అరిచారు, తర్వాత తీపిగా మాట్లాడారు. అరిచినప్పుడే బాగుంది. "ఇరవయ్యో తేదీన పెట్టె నిండా ఏదో ఒకటి పోసి నడుపుదాం, ఖాళీ లేకపోతే టిక్కే ఉండదు, అధికారులు విని సంతోషంగా వెళ్తారు, ఆ తర్వాత నెమ్మదిగా బాగుచేసుకో" అన్నారు. చూడటానికి తప్పేమీ లేదు. నాకూ ఒక పూట అలాగే అనిపించింది, నీకు అబద్ధం ఎందుకు. నాలుగేళ్ళు చిన్నవి కావు.

కానీ అధికారులు వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం పేట నిద్రపోతుంది కదా. అప్పుడు ఆ బెంచీల మీద ఎవరుంటారు?

అధికారులకి నేనే చెప్పేశాను. వాళ్ళు తిట్టలేదు. ఇరవై నాలుగుకి మార్చారు, పెట్టెని ఖాళీగా వదిలి మరీ వింటామన్నారు. మళ్ళీ టిక్కుమంటే ఇంక అవకాశం లేదు. పెద్దసారు నాతో మాట్లాడటం మానేశారు, ఎదురుపడితే గోడతో మాట్లాడుతున్నారు. టిక్కుమంటే ఈ పని వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది, నాకు తెలుసు.

పెట్టెలో మార్చింది రెండే. ఖాళీ ఉత్తరంలో సున్నాల బదులు గందరగోళంగా కలిపిన అంకెలు పెట్టాను. అర్థం ఏమీ లేదు, కానీ ఒక్కో అల ఒక్కోలా బయలుదేరుతుంది, నువ్వన్నట్టు కొన్ని కాస్త ఆగి లేస్తాయి. అది సగం పనే. నిజం లెక్కలు వెళ్ళేటప్పుడు కూడా ఎప్పుడో ఒకసారి అలలు కలిసి లేస్తాయి. అందుకని కొన్ని అలల్ని పక్కకి తీసి పెట్టాను. వాటికి ఏ కబురూ ఇవ్వలేదు. శిఖరం ఎక్కడ లేస్తుందో అక్కడ ఎదురెళ్ళి దాన్ని కిందికి లాగడమే వాటి పని. వాటిని తీసేసిన మేరకి పెట్టె వేగం తగ్గింది. పెద్దసారు గోడతో ఏమన్నారంటే "జీతం తీసుకుని ఏ కబురూ మోయని వాళ్ళని పోషిస్తోంది" అని.

నాకు భయంగా ఉందిరా. ల్యాబ్‌లో బాగానే ఉంది, కానీ మొదట పరీక్షించినప్పుడూ అక్కడ బాగానే ఉంది. ఇరవై నాలుగున నేను క్లాసులోకి రాను. నా మొహం చూస్తే ఎవరికైనా కంగారు పుడుతుంది. మేడ మీద పెట్టె పక్కన కూర్చుంటాను. నువ్వు విను. నువ్వు వింటే చాలు.

అక్క


సోమవారం, 24వ తేదీ
బడిలో, మధ్యాహ్నం

అక్కా,

నువ్వు ఎదురు మేడ మీదే ఉన్నావని తెలుసు, పిట్టగోడ మీంచి నీ తల కనపడుతోంది. కేకేస్తే వినపడే దూరం. కానీ అధికారులు ఇంకా క్లాసులోనే ఉన్నారు, కేకలు వెయ్యకూడదట, లేచి వెళ్ళకూడదట. అందుకే రాస్తున్నాను, వ్యాన్ బాబాయి పైకి తెస్తాడు. ఆయన మెట్లు ఎక్కుతూ మూలుగుతాడు, ఓర్చుకో.

పొద్దున్నుంచి ఒక్కటి లేదు. ఒక్కటంటే ఒక్కటి. ఇప్పుడు పేట నిద్రపోయే టైము కదా, ఇప్పుడూ లేదు. కబురు మోయని నీ అలలకి నా తరఫున నమస్కారం పెట్టు. ఈ బడి కూడా అలాంటివాణ్ణి ఒకణ్ణి పోషిస్తోందని పెద్దసారుకి చెప్పు. బ్యాటరీలు చూసుకోవడానికి నన్ను ఉండిపొమ్మని టీచరమ్మ అడిగింది. "కుదురుగా కూర్చోలేనండీ" అన్నాను. "ఎవరు కూర్చోమన్నారు?" అంది. ఇంకా ఏమీ చెప్పలేదు నేను.

అధికారుల్లో కళ్ళద్దాలాయన నా పక్కనే కూర్చున్నాడు. చెవిలో పెట్టుకున్నాడు, ఏమీ వినపడక నిద్ర పట్టింది. నీ పనికి అంతకంటే మంచి మార్కులు ఎవరూ వెయ్యలేరు. రెండో ఆయన మాత్రం కాగితం మీద ఏదో గీస్తూ మధ్యమధ్యలో నీ మేడ వైపు చూసి తలూపుతున్నాడు. మంచి తలూపుడే. నాకు తలూపుళ్ళ సంగతి తెలుసు, చాలా ఉద్యోగాలు పోగొట్టుకున్నవాణ్ణి.

అసలు సంగతి ఇంకోటుంది. పొద్దున్నుంచి మిరియాలు టీచరమ్మని చూడట్లేదు, నన్నే చూస్తోంది. ముందు నాకు అర్థం కాలేదు, మొహానికి ఏమైనా అంటుకుందేమో అని తుడుచుకున్నాను. తర్వాత తెలిసింది. నేను ఎప్పుడు ఉలిక్కిపడతానా అని చూస్తోంది. అక్కా, నా జన్మలో నేను అంత కదలకుండా కూర్చోలేదు. ముక్కు దురద పెట్టినా గోకలేదు. గోకితే అదేమనుకుంటుందో అని.

అలా పొద్దు ఎక్కేదాకా చూసింది. విరామంలో డబ్బా పట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది. మూత తీసింది. మిషను తీసి చెవి దగ్గర పెట్టుకుంది, మళ్ళీ తీసేసింది, నా మొహం చూసింది. నేను నవ్వలేదు, తలూపలేదు, ఊరికే ఉన్నాను. పెట్టేసుకుంది. పెట్టుకుని భుజాలు పైకి లాగి కళ్ళు గట్టిగా మూసుకుంది, దెబ్బ పడబోయేటప్పుడు మూసుకుంటామే అలా. ఏమీ పడలేదు. ఒక కన్ను తెరిచింది. ఇంకోటి తెరిచింది. టీచరమ్మ గది ఆ చివర్నుంచి మైకులో గుసగుసగా, "నీళ్ళు కావాలా తల్లీ?" అంది. వీపు ఆవిడ వైపే ఉంది దానికి, పెదవులు చూసి తెలుసుకునే వీలు లేదు. గిర్రున తిరిగింది.

టీచరమ్మ బోర్డు వైపు తిరిగిపోయింది. చాలాసేపు బోర్డు తుడిచింది. దాని మీద ఏమీ లేదు.

ఇప్పుడందరూ బయట ఆడుకుంటున్నారు, నేనూ అధికారులూ లోపల ఉన్నాం. నా చెవిలో ఇంకా అది ఉంది. వరండాలో ఎవరో మైకు పట్టుకున్నట్టున్నారు, ఊపిరి వినపడుతోంది, బర్రుమని గీతలు పడుతున్నాయి. టీచరమ్మ అలా పట్టుకోదు.

"బొం" అంటోంది. ఆగింది. మళ్ళీ "బొంగ" అంటోంది. అక్కా, ఇది ఆ పిల్ల గొంతు, నన్నే పిలుస్తోంది, ఈ గదిలో ఇంకెవరూ విన్నట్టు లేదు, కళ్ళద్దాలాయన నిద్రపోతూనే నవ్వుతున్నాడు. లేవకూడదన్నారు గానీ, వెళ్ళాలి.